కూర్చుని లేచే కాలు, గెంతి దిగే కాలు

1. సంతకం పెట్టని కాగితం

పైడమ్మ పొలం పని నుంచి ఇంటికి వచ్చింది. తట్ట దించింది. కాళ్లు కడుక్కుంది. గౌరి ఒక కాగితం తెచ్చి అమ్మ ముందు పెట్టింది. గౌరి తొమ్మిదో తరగతి చదువుతోంది.

"ఏటిది?" అంది పైడమ్మ.

"కబడ్డీ పోటీలమ్మా. సంక్రాంతి తర్వాత జరుగుతాయి. బడి తరఫున నన్ను పంపుతారట. నువ్వు సంతకం పెట్టాలి."

పైడమ్మ ఆ కాగితం ముట్టుకోలేదు.

"ఆటా లేదు, గీటా లేదు. మీ అక్కని రోజూ చూస్తున్నావు కదా!" అంది.

గౌరి ఏమీ మాట్లాడలేదు. అమ్మ ఎవరి గురించి చెబుతోందో గౌరికి తెలుసు. పెద్దమ్మ కూతురి గురించి. ఆ పిల్ల రెండేళ్ల క్రితం కబడ్డీ ఆడింది. కూతకు వెళ్లింది. ఎదుటివాళ్ల చేతులకు దొరక్కుండా గెంతింది. ఒంటికాలి మీద దిగింది. అంతే, మోకాలు 'టక్' మంది. అక్కడే కూలబడిపోయింది. సాయంత్రానికి మోకాలు వాచి కుండలా అయింది. ఎవరో వచ్చి కాలు లాగారు. నూనె రాసి గట్టిగా తోమారు. నెల రోజులకు వాపు తగ్గింది. నొప్పీ తగ్గింది. బాగైపోయిందనుకున్నారు.

కాని బాగు కాలేదు. ఇప్పటికీ గట్టు ఎక్కుతుంటే ఆ కాలు జారినట్టవుతుంది. నీళ్ల బిందెతో తిరగబోతే మోకాలు తప్పుకుంటుంది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కాలి సంగతి అడిగి వెళ్లిపోతున్నారు.

"ఎవరూ తొయ్యలేదు. ఎవరూ కొట్టలేదు. ఉత్తినే గెంతితే కాలు పోయింది. అలాంటి ఆట మనకెందుకు?" అంది పైడమ్మ.

2. డ్రిల్లు మాస్టారు వచ్చారు

మర్నాడు సాయంత్రం సంఘం ఆడవాళ్లంతా రామకోవెల అరుగు మీద కూర్చున్నారు. డ్రిల్లు మాస్టారు అటుగా వచ్చారు. పైడమ్మ ఆయన్ని నిలదీసింది.

"మాస్టారూ! ఒక్క మాట చెప్పండి. ఎవరూ తగలకుండా మోకాలు ఎలా పోతుంది?"

మాస్టారు అరుగు మీద కూర్చున్నారు.

"మంచి ప్రశ్న అడిగారమ్మా. ఆటల్లో ఈ రకంగా మోకాలు పోయినవాళ్లలో ఎక్కువమందికి అలాగే జరుగుతుంది. ఎవరూ తగలరు. గెంతి దిగేటప్పుడో, పరుగెత్తుతూ ఒక్కసారి పక్కకు తిరిగేటప్పుడో పోతుంది. ఎందుకో తెలియాలంటే, ముందు మన కాలు ఎలా పనిచేస్తుందో తెలియాలి. అప్పలనర్సమ్మా! మీరు ఒకసారి గొంతుక్కూర్చుని లేవండి."

అప్పలనర్సమ్మ నవ్వుతూ కూర్చుంది. లేచింది.

"ఇప్పుడు ఏ కండ పని చేసింది?"

"తొడ కండ మాస్టారూ."

"కూర్చునేటప్పుడా, లేచేటప్పుడా?"

"లేచేటప్పుడే. కూర్చోడానికి బలం ఏటి కావాలి?"

మాస్టారు నవ్వారు. "అక్కడే మనమంతా పొరబడతాం. కూర్చునేటప్పుడూ తొడ కండ పని చేస్తుంది. ఎలాగో చూద్దాం."

3. కాలిలో ఉన్న కండలు

మన కాలిని కదిపే పెద్ద కండలు ఇవి.

తొడ ముందు కండ: ఇది ఒకటిగా కనిపిస్తుంది. కాని ఇందులో నాలుగు కండలు ఉన్నాయి. నాలుగూ కలిసి మోకాలి చిప్పను పట్టుకుంటాయి. చిప్ప కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. అది ముంగాలి ఎముకకు అతుక్కుని ఉంటుంది. ఈ కండ లాగితే మోకాలు చాపుకుంటుంది.

తొడ వెనుక కండ: ఇందులో మూడు కండలు ఉన్నాయి. ఇవి మోకాలిని మడుస్తాయి. ముంగాలి ఎముకను వెనక్కి లాగి పట్టుకుంటాయి.

పిర్ర కండ: ఒంట్లోకెల్లా పెద్ద కండ ఇదే. వంగిన తుంటిని నిటారు చేస్తుంది. తుంటి పక్కన ఇంకొక కండ ఉంది. అది చిన్నదే గాని దాని పని పెద్దది. మనం ఒంటికాలి మీద నిలబడితే నడుము ఒక పక్కకు ఒరిగిపోకుండా, మోకాలు లోపలికి పడకుండా అదే కాస్తుంది.

పిక్క: మడమను పైకి లేపేది ఇదే. గెంతి దిగేటప్పుడు అందరికంటే ముందు బరువు అందుకునేదీ ఇదే.

మరి మోకాలి చిప్ప ఎందుకు? బావి మీద గిలక చూశారు కదా! గిలక లేకపోతే చేదతాడు ఒరకు రాసుకుంటుంది. తోడడం కష్టం. మోకాలి చిప్ప కూడా గిలకలాంటిదే. తొడ కండను మోకాలి మడత నుంచి కొంచెం ముందుకు ఎత్తి ఉంచుతుంది. అందుకే కండకు పట్టు పెరుగుతుంది. తక్కువ బలంతో ఎక్కువ పని అవుతుంది.

4. చేద దింపడమూ పనే

"బావిలోంచి నిండు చేద లాగితే బలం కావాలి. అవునా?" అన్నారు మాస్టారు.

"అవును."

"అదే నిండు చేదను చప్పుడు లేకుండా మెల్లగా కిందికి దింపాలి. అప్పుడు?"

పైడమ్మ ఆలోచించింది. "అప్పుడూ తాడు పట్టుకునే ఉండాలి. కొంచెం కొంచెం వదలాలి. ఒక్కసారి వదిలేస్తే ధబ్బున పడిపోతుంది."

"అదేనమ్మా కూర్చోవడం అంటే! కూర్చునేటప్పుడు తొడ ముందు కండ సాగుతూ ఉంటుంది. సాగుతూనే బిగబట్టి ఉంటుంది. అలా ఒంటి బరువును మెల్లగా దింపుతుంది. లేచేటప్పుడు అదే కండ కురచవుతూ బరువును పైకి లాగుతుంది. దింపడానికీ కండ కావాలి. ఎత్తడానికీ కండ కావాలి."

దీనికి రుజువు మీ ఒంట్లోనే ఉంది. తిరుమల కొండ నుంచి మెట్ల దారిలో నడిచి దిగినవాళ్లను అడగండి. కొండ ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. కాని దిగి వచ్చిన మర్నాడు తొడలు పట్టేస్తాయి. రెండో రోజు ఇంకా ఎక్కువగా ఉంటుంది. కూర్చుంటే లేవలేం. ఎందుకు? దిగేటప్పుడు ప్రతి మెట్టు దగ్గర తొడ కండ సాగుతూ బరువు ఆపింది. అలవాటు లేని కండకు ఈ పనే ఎక్కువ నొప్పి తెస్తుంది. మెల్లమెల్లగా అలవాటు చేస్తే అదే కండ గట్టిపడుతుంది.

5. గుంజీళ్లు తీసే పద్ధతి

బడిలో తప్పు చేస్తే గుంజీళ్లు తీయించేవారు. అందుకే గుంజీళ్లంటే శిక్ష అనుకుంటాం. నిజానికి కాళ్లకు ఇంత మంచి సాధన ఇంకొకటి లేదు.

కరణం మల్లేశ్వరి పేరు మీరు విన్నారా? శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతంలో పెరిగిన ఆడబిడ్డ. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తే పోటీలో కంచు పతకం గెలిచింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఒకసారి 110 కిలోలు, ఇంకోసారి 130 కిలోలు ఎత్తింది. రెండూ కలిపితే 240 కిలోలు. అంత బరువును చేతులతోనే ఎత్తలేరు. బరువు కిందికి గొంతుక్కూర్చుని దూరి, అక్కడి నుంచి కాళ్ల బలంతో లేస్తారు. అంటే అది బరువుతో తీసే గుంజీయే!

గుంజీ తీసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి.

పాదాలు భుజాలంత ఎడంగా పెట్టాలి. వేళ్లు కొంచెం బయటికి చూడాలి.

ముందు తుంటి వెనక్కి వెళ్లాలి. పీట మీద కూర్చోబోతున్నట్టు దిగాలి.

మడమలు నేలను వదలకూడదు.

మోకాలు కాలివేళ్లు చూసే వైపుకే వెళ్లాలి. రెండు మోకాళ్లూ లోపలికి వచ్చి ఒకదానికొకటి దగ్గర కాకూడదు.

"మోకాలు వేళ్లను దాటకూడదంటారు కదా మాస్టారూ?" అని గౌరి అడిగింది.

"కొంచెం దాటినా తప్పు లేదమ్మా. దాటకుండా బలవంతంగా ఆపితే ఒళ్లు బాగా ముందుకు వంగుతుంది. అప్పుడు మోకాలి మీద భారం తగ్గుతుంది గాని, ఆ భారం తుంటి మీదా నడుము మీదా పడుతుంది. ఒళ్లు నిటారుగా ఉంచితే తొడ ముందు కండకు పని ఎక్కువ. ముందుకు వంచితే పిర్ర కండకూ నడుముకూ పని ఎక్కువ. భారం ఎక్కడికీ పోదు. ఒకరు దించితే ఇంకొకరు ఎత్తుకోవాలి."

ఒక జాగ్రత్త. మోకాలు ఎంత మడిస్తే అంత ఒత్తిడి పెరుగుతుంది. బరువులు మోసేవాళ్లకూ, గంటల తరబడి గొంతుక్కూర్చుని కలుపు తీసేవాళ్లకూ ఏళ్లు గడిచేసరికి మోకాళ్లు అరిగే ప్రమాదం ఎక్కువ. అందుకని మధ్య మధ్య లేచి నిలబడాలి. నాలుగు అడుగులు వేయాలి.

6. ఒక లెక్క చేద్దాం

"కూర్చోవడం సరే. గెంతి దిగడం సంగతి ఏటి?" అంది పైడమ్మ.

"మీలో ఇటుకలు అందుకునే పని ఎవరైనా చేశారా?"

ముగ్గురు చేతులెత్తారు.

"కింద నుంచి ఇటుక విసురుతారు. మీరు చేయి ఎలా పెడతారు? బిగించి ఉంచుతారా?"

"బిగిస్తే చేయి పగులుతుంది. ఇటుకతో పాటు చేయి కూడా వెనక్కి తీస్తాం."

"గెంతి దిగేటప్పుడు కాలు చేయాల్సిన పని కూడా అదే. లెక్క వేసి చూద్దాం."

గౌరి బరువు 50 కిలోలు అనుకుందాం. ఒక మూర ఎత్తు నుంచి దిగింది. మూర అంటే రెండు జానలు. జాన అంటే మూడు బెత్తెలు. కాబట్టి మూర అంటే ఆరు బెత్తెలు.

మొదటి పద్ధతి: గౌరి కాళ్లు బిగించి దిగింది. నేల తాకాక ఒళ్లు ఇంకొక్క బెత్తెడు మాత్రమే కిందికి దిగి ఆగిపోయింది. ఒళ్లు మొత్తం దిగింది 6 + 1 = 7 బెత్తెలు. ఆపింది 1 బెత్తెడులో. 7ను 1తో భాగిస్తే 7. అంటే ఒంటి బరువుకు 7 రెట్లు. 50 × 7 = 350 కిలోల భారం.

రెండో పద్ధతి: గౌరి చీలమండలు, మోకాళ్లు, తుంటి వంచుతూ దిగింది. నేల తాకాక ఒళ్లు ఒక జాన కిందికి దిగి ఆగింది. మొత్తం దిగింది 6 + 3 = 9 బెత్తెలు. ఆపింది 3 బెత్తెల్లో. 9ని 3తో భాగిస్తే 3. అంటే 3 రెట్లు. 50 × 3 = 150 కిలోల భారం.

పిల్ల ఒకటే. ఎత్తూ ఒకటే. దిగే పద్ధతి మారింది. 200 కిలోల భారం తగ్గింది.

ఇది సగటు లెక్క. పాదం నేలకు తగిలిన క్షణంలో భారం ఇంకా ఎక్కువగా ఉంటుంది. రెండు కాళ్ల మీద దిగితే రెండూ పంచుకుంటాయి. ఒంటికాలి మీద దిగితే అంతా ఆ ఒక్క కాలే మోయాలి.

7. నేల తాకకముందే కండ మేలుకుంటుంది

చీకట్లో మెట్లు దిగుతున్నారు. ఇంకొక మెట్టు ఉందనుకున్నారు. కాని లేదు. పాదం ముందే నేలకు తగిలింది. ఒళ్లంతా జల్లుమంది. పళ్లు టకటకమన్నాయి. ఇలా మీకెప్పుడైనా జరిగిందా?

మెట్టు ఎత్తు మామూలే. మరి అంత కుదుపు ఎందుకు వచ్చింది? కండలు సిద్ధంగా లేవు. అందుకే.

కండ పనిచేసేటప్పుడు దానిలో చాలా చిన్న విద్యుత్తు పుడుతుంది. గుండెకు ఈసీజీ తీసినట్టే, కాలి కండలకు కూడా చర్మం మీద బిళ్లలు అంటించి ఆ విద్యుత్తు చూస్తారు. దీన్ని ఈఎంజీ అంటారు. ఇలా చూసినప్పుడు ఒక సంగతి తెలిసింది. మనిషి గెంతి కిందికి వస్తుంటే, పాదం ఇంకా గాలిలో ఉండగానే పిక్క, తొడ కండలు పని మొదలుపెడతాయి. నేల వస్తోందని మెదడు ముందే కబురు పంపుతుంది.

నేల తాకిన తర్వాత ఆలోచించే సమయం ఉండదు. మోకాలికి దెబ్బ తగలడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. 'అయ్యో, కాలు వంకరగా పెట్టానే!' అనుకునేలోపే అంతా అయిపోతుంది. అందుకే ముందే అలవాటు చేయాలి. వంద సార్లు సరిగా దిగిన కాలు, నూట ఒకటో సారి అనుకోకుండానే సరిగా దిగుతుంది.

గుంజీళ్లలో ఇంకో సంగతి కూడా ఈఎంజీలో కనిపిస్తుంది. గుంజీ తీస్తే తొడ ముందు కండ బాగా పని చేస్తుంది. వెనుక కండకు అంత పని ఉండదు. కాబట్టి గుంజీళ్లు ఒక్కటే చాలవు. వెనుక కండకు వేరే సాధన కావాలి.

8. మోకాలి లోపలి తాడు

"ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను పైడమ్మా" అన్నారు మాస్టారు.

మోకాలి లోపల తాళ్లలాంటి గట్టి పట్టీలు ఉంటాయి. వాటిని లిగమెంట్లు అంటారు. పై ఎముకనూ కింద ఎముకనూ అవి కట్టి ఉంచుతాయి. అందులో ఒకటి, ముంగాలి ఎముక ముందుకు జారకుండా పట్టుకుంటుంది. ఆటల్లో ఎక్కువగా తెగేది అదే.

కాలు దాదాపు చాచి ఉంచి దిగితే ఏమవుతుంది? తొడ ముందు కండ గట్టిగా లాగుతుంది. ముంగాలి ఎముక ముందుకు కదలబోతుంది. తొడ వెనుక కండ దాన్ని వెనక్కి లాగి పట్టుకోవాలి. అది బలంగా లేకపోతే, లేదా ఆలస్యంగా మేలుకుంటే, భారమంతా ఆ లిగమెంటు మీద పడుతుంది. అదే సమయంలో మోకాలు లోపలికి పడి, కాలు మెలి తిరిగితే లిగమెంటు తెగిపోతుంది. 'టక్' మన్న చప్పుడు అదే.

"మగపిల్లలకూ ఇలాగే అవుతుందా?" అంది అప్పలనర్సమ్మ.

"అవుతుంది. కాని గెంతే ఆటల్లో, ఒకే ఆట ఆడే మగపిల్లల కంటే ఆడపిల్లలకు రెండు రెట్లో, అంతకంటే ఎక్కువో అవుతుంది."

పైడమ్మ లేచి నిలబడింది. "చూశారా! అందుకే నేను వద్దంటున్నాను."

"ఒక్క నిమిషం కూర్చోండమ్మా. కారణం ఒక్కటే కాదు. ఎదిగే వయసులో ఆడపిల్లల ఎత్తూ బరువూ త్వరగా పెరుగుతాయి. దానికి తగ్గట్టు కండల బలం పెరగదు. గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి పడడం వాళ్లలోనే ఎక్కువ. ఇంకొకటి ఉంది. మగపిల్లలు చిన్నప్పటి నుంచి చెట్లెక్కి దూకుతారు. గోడలు దూకుతారు. ఆడపిల్ల దూకితే మనం ఏమంటాం? 'ఏమే, మగరాయుడిలా ఆ గెంతులేమిటి?' అంటాం. సాధన లేని కాలిని ఒక్కసారి పోటీలోకి పంపుతాం."

ఎవరూ మాట్లాడలేదు.

"మీ అక్కగారి పిల్ల విషయంలో నాదీ తప్పుంది. గెంతడం నేర్పాను. దిగడం నేర్పలేదు. అప్పట్లో నాకూ తెలియదు. ఇప్పుడు తెలుసు" అన్నారు మాస్టారు.

9. ఐదు సాధనలు

2007లో నార్వే దేశంలో ఒక పని చేసి చూశారు. 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లను తీసుకున్నారు. మొత్తం 1,892 మంది పిల్లలు. కొన్ని జట్లతో ఆటకు ముందు ఇరవై నిమిషాల పాటు ఇలాంటి సాధనలు చేయించారు. మిగతా జట్లు మామూలుగానే ఆడాయి. సాధన చేసిన పిల్లల్లో పెద్ద దెబ్బలు దాదాపు సగానికి తగ్గాయి.

మాస్టారు చెప్పిన సాధనలు ఇవి. వారానికి రెండు మూడు సార్లయినా చేయాలి. ముందు కొంచెం పరుగెత్తి ఒళ్లు వేడెక్కించుకోవాలి.

ఒకటి. గుంజీళ్లు. పదేసి చొప్పున రెండు సార్లు. దిగేటప్పుడు మూడు లెక్కపెట్టేంత మెల్లగా దిగాలి.

రెండు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి. పాదాలు నేలకు ఆనించి నడుము పైకి లేపాలి. ఇది పిర్ర కండకూ తొడ వెనుక కండకూ మంచిది.

మూడు. మోకాళ్ల మీద నిలబడాలి. మెత్తటి గోనె పట్టా వేసుకోవాలి. వెనుక ఒకరు చీలమండలు గట్టిగా పట్టుకోవాలి. ఒళ్లు నిటారుగా ఉంచి మెల్లగా ముందుకు వాలాలి. ఇక ఆపలేమనుకున్నప్పుడు చేతులు నేలకు ఆనించాలి. మొదట మూడు నాలుగు సార్లు చాలు. తొడ వెనుక కండకు ఇది గట్టి సాధన.

నాలుగు. ఒంటికాలి మీద నిలబడాలి. అర నిమిషం. మోకాలు కొంచెం వంచి ఉంచాలి. నడుము ఒక పక్కకు ఒరగకూడదు.

ఐదు. ఉన్నచోటనే గెంతి దిగాలి. ముందు వేళ్ల మీద, తర్వాత మడమ మీద దిగాలి. మోకాళ్లూ తుంటీ వంచుతూ దిగాలి. మోకాళ్లు లోపలికి రాకూడదు. రెండు కాళ్లతో బాగా వచ్చాకే ఒంటికాలితో చేయాలి.

"సరిగా దిగారో లేదో మాకెలా తెలుస్తుంది?" అంది పైడమ్మ.

"కళ్లు మూసుకుని వినండి. చెట్టు మీంచి కొబ్బరికాయ పడ్డట్టు ధబ్బుమంటే తప్పు. గోడ మీంచి పిల్లి దిగినట్టుంటే ఒప్పు."

ఇది ఆటగాళ్లకే కాదు. ట్రాక్టరు తొట్టి మీంచి రోజూ కిందికి దూకుతాం. చేతిలో మూట కూడా ఉంటుంది. అలా చేయకండి. ముందు మూట దించండి. తొట్టి వైపు తిరిగి, పట్టుకుని, ఒక్కొక్క కాలే దించండి.

ముసలివాళ్లకూ కాలి బలం కావాలి. నేల మీద నుంచి లేవలేని నానమ్మలు కుర్చీ మీద కూర్చుని లేచే సాధన చేయవచ్చు. కుర్చీ గోడకు ఆనించి ఉండాలి. మొదట చేతులు ఆనించి లేవండి. తర్వాత ఆనించకుండా లేవండి. నొప్పి ఉన్నవాళ్లు డాక్టరును అడిగి చేయాలి.

10. దెబ్బ తగిలితే ఏం చేయాలి?

మోకాలు 'టక్' మంటే, కొన్ని గంటల్లోనే వాచిపోతే, నిలబడితే కాలు జారినట్టుంటే, అది మామూలు బెణుకు కాకపోవచ్చు.

వెంటనే ఆట ఆపాలి. 'ఇంకొక్క కూత' అనకూడదు.

గుడ్డలో ఐసు చుట్టి మోకాలి మీద పావుగంట ఉంచాలి. కాలు దిండు మీద ఎత్తుగా పెట్టాలి.

లాగకూడదు. తోమకూడదు. కాపడం పెట్టకూడదు.

ఎముకల డాక్టరుకు చూపించాలి. లిగమెంటు తెగిన ప్రతివారికీ ఆపరేషను అవసరం ఉండదు. ఎవరికి అవసరమో డాక్టరు చెబుతారు. ఆపరేషను చేసినా చేయకపోయినా కండలకు సాధన మాత్రం తప్పదు. నొప్పి తగ్గింది కదా అని వదిలేస్తే, జారే మోకాలిలో ఉన్న మెత్తటి బిళ్లలు కూడా చిరిగిపోతాయి.

"రెండేళ్లయింది. ఇప్పుడు చూపిస్తే ఏమైనా లాభం ఉంటుందా?" అని పైడమ్మ మెల్లగా అడిగింది.

"ఉంటుందమ్మా. ఆలస్యమైంది గాని చేయిదాటిపోలేదు. మీ అక్కగారితో నేను మాట్లాడతాను. ఆస్పత్రికి నేనూ వస్తాను" అన్నారు మాస్టారు.

11. పైడమ్మ చెవి

పైడమ్మ ఆ రోజు సంతకం పెట్టలేదు. కూతురితో ఒక మాట చెప్పింది. "పోటీలకు ఇంకా మూడు నెలలుంది. నువ్వు సాధన చెయ్యి. నాకు చప్పుడు వినబడినన్నాళ్లూ సంతకం లేదు."

గౌరి రోజూ సాయంత్రం పెరట్లో సాధన చేసింది. పైడమ్మ పొయ్యి దగ్గర కూర్చుని వినేది. మొదట్లో ధబ్, ధబ్ మని వినబడేది. "కొబ్బరికాయ!" అని లోపలి నుంచి అరిచేది. నెల తిరిగింది. చప్పుడు తగ్గింది. మోకాళ్లు ఇంకా లోపలికి పడుతున్నాయేమోనని పైడమ్మ బయటికి వచ్చి చూసేది.

పెద్దమ్మ కూతురు కూడా ఆస్పత్రికి వెళ్లి వచ్చింది. లిగమెంటు తెగిందని డాక్టరు చెప్పారు. ముందు కండలకు బలం రావాలన్నారు. ఆ తర్వాత ఆపరేషను సంగతి చూద్దామన్నారు. ఇప్పుడు ఆ పిల్ల కూడా గౌరి పక్కనే పడుకుని నడుము లేపే సాధన చేస్తోంది. ఇంకా గెంతదు. గౌరి గెంతుతుంటే లెక్కపెడుతుంది.

పండగ దగ్గరికి వచ్చింది. ఒక సాయంత్రం పైడమ్మ అన్నం వారుస్తోంది.

"ఏమే, ఇవాళ గెంతడం లేదా?" అని కేక వేసింది.

"ఇందాకట్నుంచీ గెంతుతూనే ఉన్నానమ్మా!" అంది గౌరి.

పైడమ్మ చేతులు తుడుచుకుంది. కాగితం తెమ్మంది. దీపం దగ్గర పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. 'నా కుమార్తెను పోటీలకు పంపుటకు సమ్మతించుచున్నాను' అని ఉంది. వేలిముద్ర వేయలేదు. 'పైడమ్మ' అని మూడు అక్షరాలూ గుండ్రంగా రాసింది.

"గెలవకపోయినా పరవాలేదు. దిగేటప్పుడు మాత్రం పిల్లిలా దిగు" అంది.

కొత్త మాటలు

లిగమెంటు: ఎముకను ఎముకతో కట్టి ఉంచే గట్టి పట్టీ
ఈఎంజీ: కండలో పుట్టే విద్యుత్తును చూపే పరీక్ష
చీలమండ: పాదానికీ పిక్కకూ మధ్య ఉన్న కీలు
సమ్మతి: ఒప్పుకోవడం

చదివి జవాబులు చెప్పండి

1. కూర్చునేటప్పుడు తొడ ముందు కండ ఏ పని చేస్తుంది? చేదతో పోల్చి చెప్పండి.
2. కొండ దిగిన మర్నాడు తొడలు ఎందుకు నొప్పి పెడతాయి?
3. గుంజీళ్లు ఒక్కటే ఎందుకు చాలవు?
4. మోకాలికి దెబ్బ తగిలితే చేయకూడని పనులు మూడు చెప్పండి.

ఖాళీలు నింపండి

1. తొడ వెనుక ........ కండలు ఉన్నాయి.
2. మోకాలి చిప్ప బావి మీద ........ లాంటిది.
3. కరణం మల్లేశ్వరి ........ సంవత్సరంలో ఒలింపిక్స్ పతకం గెలిచింది.

లెక్క చేయండి

ఒక పిల్ల బరువు 40 కిలోలు. ఒక మూర ఎత్తు నుంచి దిగింది. నేల తాకాక రెండు బెత్తెలు దిగి ఆగింది. సగటున ఎన్ని కిలోల భారం పడింది?

మాట్లాడుకోండి

మీ ఊళ్లో ఆడపిల్లలు ఏ ఆటలు ఆడతారు? ఎన్నో ఏట మానేస్తున్నారు? ఎందుకు మానేస్తున్నారు? మీ సంఘంలో మాట్లాడుకోండి. అనుకున్నది నాలుగు వాక్యాల్లో రాయండి.